శోధనయంత్రములు – వెబ్‌పుటల లంకెలు: వాని భేదములు, విలువలు

పూర్వకవుల కావ్యములు పెక్కు కాలగర్భమున కలిసిపోయినవి. అట్లు పోయినవానిలో కొన్నింటి పేర్లయినను, కొన్ని పద్యములైనను నేడు తెలియుచున్నవన్నచో, అందుకు కారణము వానిని మరియొకరు తమ గ్రంథమున ఉదాహరించుటయే. పెదపాటి జగ్గన కూర్చిన ప్రబంధరత్నాకరము ఇట్టి మహోపకారము చేసిన సంకలనములలో నొకటి. మూలము దొరకని కావ్యముల పద్యములను అందుండి గ్రహించి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని ప్రకటించిరి. ఒక గ్రంథము మరియొక గ్రంథమును పేర్కొనుట కేవలము మర్యాద కాదు. పేర్కొనబడిన గ్రంథమునకు అది ప్రమాణము. ఒక్కొక్కయెడ ఆయుర్దాయము కూడ.

అంతర్జాలమందును ఇట్టి ధర్మమే ప్రవర్తించుచున్నది. అచ్చట ఒక పుటనుండి మరియొక పుటకు దారి చూపు సాధనమునకు లంకె యని పేరు. వాడుకలో లింకు అందురు. చదువరిని ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుట దాని మొదటి పని. గూగుల్, బింగ్ మొదలగు శోధనయంత్రములు దానికి రెండవ పనిని కూడ కల్పించినవి. ఏ పుట ఎచ్చట నున్నదో తెలిసికొనుటకును, అది ఎంతటి విలువ గలదో అంచనా వేయుటకును అవి లంకెలను ఆధారముగ గైకొన్నవి. అయితే లంకెలన్నియు ఒక్క తీరున గణింపబడవు. కొన్ని సాక్ష్యముగ స్వీకరింపబడును. కొన్ని సూచనలుగ మాత్రమే పరిగణింపబడును. కొన్ని త్రోసివేయబడును. మరికొన్ని దండనమునకే కారణమగును.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర రాష్ట్రములందును, యానామునందును తరతరములుగ స్థిరపడిన తెలుగువారి సంఘములు తమ చరిత్రమును, ప్రత్యేక సంచికలను, ఛాయాచిత్రములను అంతర్జాలమున నుంచుచున్న ఈ కాలమున ఈ భేదము నెరుగుట అవసరము. అచ్చుపుస్తకము ఎవరి బీరువాలోనైనను ఒక ప్రతి మిగిలియుండును. ఎవ్వరును దారి చూపని వెబ్‌పుట ఉండియు లేనిదానితో సమానము.

శోధనయంత్రము పని చేయు విధము

టిమ్ బెర్నర్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనశాలలో 1989లో వెబ్ అను ప్రణాళికను ప్రతిపాదించెను. 1991లో అది లోకమునకు తెరువబడినది. పత్రములను లంకెలతో ఒకదానితో నొకటి ముడివేయుటయే ఆ ప్రణాళికకు ప్రాణము. పుటలు కొద్దిగ నున్నంతకాలము వాని జాబితాలను మనుష్యులే వ్రాసి పెట్టుకొనిరి. పుటలు లక్షలకు పెరిగిన పిమ్మట ఆ పని యంత్రములకు అప్పగింపవలసివచ్చినది.

శోధనయంత్రపు పని మూడు దశలుగ సాగును. మొదటిది సంచారము. యంత్రము తనకు తెలిసిన పుటనొకదానిని తెరచి, అందలి లంకెలను గ్రహించి, వానివెంట పోయి క్రొత్త పుటలను కనుగొనును. రెండవది సూచిక వ్రాయుట. కనుగొన్న పుటలలో ఏ మాటలున్నవో, అవి ఏ విషయమును గూర్చినవో యంత్రము తన పట్టికలో నెక్కించుకొనును. మూడవది వరుస నిర్ణయించుట. ఒకడు ఏదేని ప్రశ్న వేసినపుడు, సూచికలో సరిపోలిన పుటలు వేలకొలది యుండవచ్చును. వానిలో దేనిని ముందుంచవలెనో, దేనిని వెనుకనుంచవలెనో తేల్చుట ఈ దశయందలి పని. లంకెకు మొదటి దశలోను మూడవ దశలోను ప్రత్యేకమైన పాత్ర కలదు.

తొలినాటి శోధనయంత్రములు పుటలోని మాటలనే ముఖ్యముగ లెక్కించెడివి. ఒక మాట ఎన్ని పర్యాయములు వచ్చినదో చూచి, ఎక్కువ పర్యాయములు వచ్చిన పుటను ముందు చూపెడివి. ఈ రహస్యము తెలిసిన వ్యాపారులు ఒకే మాటను వందలకొలది సారులు పుటలలో చొప్పించిరి. ఫలితములు కలుషితములైనవి. 1997 నవంబరు నాటికి ప్రసిద్ధములైన నాలుగు వాణిజ్య శోధనయంత్రములలో ఒక్కటి మాత్రమే, తన పేరునే వెదకినపుడు తన పుటను తొలి పది ఫలితములలో చూపగలిగెనని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్రాసిరి. తన పేరే తనకు దొరకని యంత్రము ఇతరులకేమి వెదకిపెట్టగలదు?

ఉదాహరణమే ప్రమాణము

ఆ ఇరువురు పరిశోధకులు చూపిన మార్గము శాస్త్రప్రపంచమునకు పూర్వమే పరిచితమైనది. యూజీన్ గార్ఫీల్డ్ అను అమెరికా పండితుడు 1955లో సైన్స్ అను పత్రికయందు ఒక ప్రతిపాదన చేసెను. ఒక శాస్త్రవ్యాసమును తరువాతివారు ఎంతమంది పేర్కొనిరో లెక్కించినచో దాని ప్రభావము తెలియునని దాని సారాంశము. ఆ మార్గముననే 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అను మహాసూచిక వెలువడినది.

పేజ్, బ్రిన్‌లు ఈ న్యాయమును వెబ్‌పుటలకు అన్వయించిరి. 1998లో వారు ప్రకటించిన పరిశోధన వ్యాసమున, 2 కోట్ల 40 లక్షల పుటలతోను, 51 కోట్ల 80 లక్షల లంకెల పటముతోను తాము జరిపిన ప్రయోగమును వివరించిరి. ఆ సంవత్సరముననే గూగుల్ సంస్థ స్థాపితమైనది. వారి గణనపద్ధతికి పేజ్‌ర్యాంక్ అని పేరు. ఒక పుటకు వచ్చు లంకెల సంఖ్యను మాత్రమే లెక్కించుట దాని పద్ధతి కాదు. లంకె ఇచ్చిన పుట ఎంతటిదో కూడ చూడవలెను. పెద్దల మాటకు ఎక్కువ విలువ యుండుట లోకసహజము. ఆ పెద్దరికము వారికెట్లు వచ్చినదనగా, మరికొందరు పెద్దలు వారిని గుర్తించుటచేతనే వచ్చినది. ఇట్లు ఒకదానిపై నొకటి ఆధారపడిన విలువలను మరల మరల గణించి, అవి నిలకడకు వచ్చువరకు సాగించుటయే పేజ్‌ర్యాంక్.

ఒక చిన్న లెక్కతో ఇది స్పష్టమగును. ఒక పుటకు 10 భాగముల విలువ కలదనుకొందము. అందులో 0.85 వంతు, అనగా 8.5 భాగములు, లంకెల ద్వారా ఇతర పుటలకు పోవును. ఆ పుటలో అయిదు లంకెలున్నచో ఒక్కొక్క లంకెకు 1.7 భాగములు చెందును. యాబది లంకెలున్నచో ఒక్కొక్కదానికి 0.17 భాగము మాత్రమే దక్కును. కావున తూచి తూచి లంకెలిచ్చు పుటనుండి వచ్చిన లంకెకు బలమెక్కువ. అందరికిని పంచిపెట్టు పుటనుండి వచ్చిన లంకెకు బలము తక్కువ. ఇది తొలినాటి సూత్రము. నేడు శోధనయంత్రములు వందలాది ఇతర సంకేతములను కూడ పరిశీలించుచున్నవి. లంకెల ప్రాధాన్యము మునుపటికంటె తగ్గినదని గూగుల్ ఉద్యోగులే 2023లో చెప్పిరి. తగ్గినను తొలగిపోలేదు.

ఆ కాలముననే జాన్ క్లైన్‌బర్గ్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు మరియొక మార్గమును చూపెను. పుటలు రెండు విధములని అతని సిద్ధాంతము. ఒక విషయమును సాకల్యముగ వివరించు ప్రమాణపుటలు కొన్ని. అట్టి ప్రమాణపుటలన్నింటికిని దారులు చూపు కూడలిపుటలు కొన్ని. మంచి కూడళ్లు మంచి ప్రమాణములను చూపును. మంచి ప్రమాణములు మంచి కూడళ్లచే చూపబడును. చిన్న సంఘములకు ఈ సిద్ధాంతమొక ధైర్యమునిచ్చుచున్నది. స్వయముగ పెద్ద చరిత్ర వ్రాయలేని సంఘము సైతము, మంచి పుటల పట్టికను శ్రద్ధతో కూర్చి కూడలిగ నుపకరింపవచ్చును.

లంకెలోని మాటలు

లంకెపై కనబడు మాటలకు శోధనయంత్రములు మిక్కిలి విలువనిచ్చును. ఆ మాటలు లంకె యున్న పుటకు మాత్రమేకాక, లంకె చేరు పుటకు కూడ వర్ణనగ గ్రహింపబడును. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమందలి తెలుగు తాళపత్రములను గూర్చిన పుటకు ఒకరు లంకె యిచ్చుచు, 'తంజావూరి తెలుగు తాళపత్రములు' అని వ్రాసినచో, ఆ విషయమును వెదకువారికి ఆ పుట కనబడు నవకాశము హెచ్చును. 'ఇక్కడ నొక్కుడు' అని వ్రాసినచో యంత్రమునకు తెలియవచ్చునది శూన్యము. చిత్రముపై లంకె యుంచినపుడు, ఆ చిత్రమునకు వెనుక వ్రాసియుంచిన వివరణపాఠమే లంకెమాటగ గ్రహింపబడును. వివరణ వ్రాయనిచో ఆ లంకె మూగది.

ఈ గుణము దుర్వినియోగమునకును లోనైనది. 2003 ప్రాంతమున 'ఘోరవైఫల్యము' అను నర్థము గల రెండాంగ్లపదములను అనేకులు కూడబలుకుకొని లంకెమాటలుగ వాడి, అమెరికా అధ్యక్షుని జీవితచరిత్ర పుటకు చేర్చిరి. ఆ పుటలో ఆ మాటలు లేకున్నను, వానిని వెదకినవారికి అదియే మొదట కనబడెను. 2007 జనవరిలో గూగుల్ తన గణనపద్ధతిని మార్చి ఇట్టి చేష్టలను చాలవరకు అరికట్టినది.

తెలుగునకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. వెబ్ చిరునామాలో తెలుగక్షరములున్నపుడు, యంత్రమార్పిడిలో ఒక్కొక్క సంకేతము తొమ్మిది రోమను గుర్తులుగ మారును. 'తెలుగు' అను చిన్న మాటయే, గుణింతపు గుర్తులతో కలిసి ఆరు సంకేతములగుటచేత, 54 గుర్తుల తోకగ పరిణమించును. యంత్రము దానిని తిరిగి తెలుగుగ చదువుకొనగలదు, మనుష్యుడు చదువలేడు. కావున ముడి చిరునామాను పుటలో అతికించుటకంటె, తెలుగుమాటలపై లంకె నుంచుట ఉభయతారకము. యూనికోడ్ వాడుకలోనికి రాకముందు కొన్ని తెలుగు వెబ్‌సైటులు తమతమ సొంత అక్షరరూపములను వాడినవి. తెరపై తెలుగు కనబడినను, యంత్రమునకు లోపల అర్థములేని రోమనక్షరములే గోచరించెడివి. నాటి లంకెమాటలన్నియు శోధనయంత్రములకు నిరుపయోగములయ్యెను.

లోపలి లంకెలు, వెలుపలి లంకెలు

ఒక వెబ్‌సైటులోని పుటలను ఒకదానితో నొకటి కలుపునవి లోపలి లంకెలు. ఇతర వెబ్‌సైటులనుండి వచ్చునవి వెలుపలి లంకెలు. వెలుపలి లంకె పరుల సాక్ష్యము; దానికి సహజముగ ఎక్కువ విలువ. లోపలి లంకె స్వగృహమందలి ఏర్పాటు. అయినను దానిని చులకన చేయరాదు. ముఖపుటనుండి రెండు మూడు మెట్లలో చేరదగిన పుటలను యంత్రము త్వరగ కనుగొనును. ఏ లంకెయు లేని పుటకు అనాథపుట యని పేరు. సంఘపు వెబ్‌సైటులో 1975 నాటి సంచిక ప్రతియున్నను, దానికి ఏ పుటనుండియు లంకె లేనిచో, యంత్రము దానిని చేరుట దుర్లభము.

లంకె యున్న స్థానమును బట్టియు భేదము కలదు. వ్యాసమధ్యమున, విషయసందర్భమున వచ్చు లంకెను చదువరి అనుసరించు సంభావ్యత ఎక్కువ. పుట అడుగున చిన్న అక్షరములలో నున్న లంకెను అనుసరించు సంభావ్యత తక్కువ. ఈ సంభావ్యతను బట్టి లంకెలకు వేరువేరు బరువు లీయవచ్చునని గూగుల్ సంస్థ 2010లో పొందిన ఒక పేటెంటులో వివరింపబడినది.

లంకె వ్రాసిన తీరు కూడ ముఖ్యమే. హెచ్‌టీఎమ్‌ఎల్ భాషలో లంకెకు విహితమైన గుర్తును, చిరునామాను చేర్చి వ్రాసిన లంకెలనే గూగుల్ నమ్మకముగ అనుసరింపగలదు. నొక్కినపుడు మాత్రమే జావాస్క్రిప్టు ద్వారా తెరచుకొను బొత్తాములు చదువరికి లంకెలవలె కనబడినను, యంత్రమునకు గోడలే. పీడీఎఫ్ ప్రతులలోని లంకెలు సాధారణ లంకెలవలెనే గణింపబడునని గూగుల్ 2011లో తెలిపినది. కావున పీడీఎఫ్ రూపమున వెలువరించు ప్రత్యేక సంచికలలో సైతము లంకెలుంచుట వ్యర్థము కాదు. లంకెను క్రొత్త కిటికీలో తెరచునట్లు చేయుటవలన గాని, భద్రతకై చేర్చు నోఓపెనర్ అను గుర్తువలన గాని విలువకు లోపము లేదు.

గుర్తు వేసిన లంకెలు

పాఠకులు అభిప్రాయములు వ్రాయుటకై వెబ్‌పుటల అడుగున విడిచిన స్థలములందు వ్యాపారులు యంత్రములచే వేలకొలది లంకెలు చొప్పించుట ఈ శతాబ్దారంభమున పెద్ద బెడదయైనది. పుట యజమాని ఎరుగకయే అతని పుట పరుల సరకులకు సాక్ష్యము పలుకుచుండెను. దీనికి విరుగుడుగ 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ వారి ఎమ్‌ఎస్‌ఎన్ శోధనయంత్రములు కలిసి నోఫాలో అను గుర్తును అంగీకరించినవి. 'ఈ లంకె ఇచ్చట నున్నది, కాని దీనికి నేను పూచీ కాదు' అని పుట యజమాని చెప్పుటయే దాని భావము. ఆంగ్ల వికీపీడియా 2007 జనవరిలో తన వెలుపలి లంకెలన్నింటికిని ఈ గుర్తును తగిలించినది. వికీపీడియాలో లంకె దొరికినచో తమ పుట పైకెక్కునని ఆశించి దానిని ప్రకటనలతో నింపువారి ఉత్సాహమును తగ్గించుటయే ఆ చర్యకు ఉద్దేశము.

కొందరు చతురులు ఈ గుర్తును మరియొక పనికి వాడిరి. ముందు చెప్పిన లెక్కలో అయిదు లంకెలలో రెండింటికి నోఫాలో తగిలించినచో, 8.5 భాగములు మిగిలిన మూడింటికే పంచబడి ఒక్కొక్కదానికి 2.83 వచ్చునని వారి తలపు. తమ ముఖ్యపుటలకే బలము మళ్లింపవచ్చునని అట్లు చేసిరి. గూగుల్ ఇంజనీరు మ్యాట్ కట్స్ 2009 జూన్‌లో అసలు సంగతి వెల్లడించెను. సంవత్సరమునకు పైబడి ఆ పద్ధతి మారియుండెను. భాగహారము అయిదింటికే జరుగును. గుర్తు లేని మూడింటికి 1.7 చొప్పుననే చెందును. గుర్తు వేసిన రెండింటి భాగము ఎవ్వరికిని దక్కదు. పరులకు చెందవలసినదానిని నిలిపినంతమాత్రమున అది తనవారికి చేరదని ఈ మార్పు తేల్చినది.

2019 సెప్టెంబరులో గూగుల్ మరి రెండు గుర్తులను చేర్చినది. సొమ్ము తీసికొని గాని, ప్రకటనగ గాని పెట్టిన లంకెకు స్పాన్సర్డ్ అనియు, పాఠకులు స్వయముగ వ్రాసిన భాగములోని లంకెకు యూజీసీ అనియు ఆ గుర్తులకు పేర్లు. అంతవరకు నోఫాలో యొక ఆజ్ఞ. నాటినుండి ఈ మూడును సూచనలు. అనగా వానిని పాటించుటయో, సందర్భమును బట్టి పరిగణించుటయో యంత్రపు వివేచనకు విడువబడినది. సంచారమునకును సూచిక వ్రాయుటకును ఈ నియమము 2020 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పాత నోఫాలో గుర్తులను మార్చుకొనవలసిన పని లేదు.

నోఫాలో వేరు, రోబోట్స్ పత్రము వేరు. రోబోట్స్ పత్రమున యజమాని 'ఈ పుటను చదువవలదు' అని యంత్రమును నిషేధింపవచ్చును. అయినను ఇతరులు ఆ పుటకు లంకెలిచ్చినచో, పుటను చదువకయే దాని చిరునామా ఫలితములలో చేరవచ్చును. పుట ఫలితములందు కనబడరాదన్నచో నోఇండెక్స్ అను గుర్తునే వాడవలెను. యంత్రము ఆ గుర్తును చూచుటకై పుటను చదువనీయవలెను.

కొనుగోలు లంకెలు, దండనము

లంకెకు విలువ ఏర్పడినంతనే దానికి అంగడియు ఏర్పడినది. సొమ్మిచ్చి లంకెలు కొనుట, 'నాకు నీవు, నీకు నేను' అని మితిమీరి మార్చుకొనుట, లంకెలకొరకే నిస్సారమైన వెబ్‌సైటులను పుట్టించుట మొదలగు మార్గములు వెలసినవి. ప్రకటన వేసికొనుట దోషము కాదు. ఆ ప్రకటనలంకెకు గుర్తు వేయక దానిని స్వచ్ఛంద సాక్ష్యముగ చెలామణి చేయుటయే దోషము.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఇట్టి ఉదంతమొకదానిని వెల్లడించినది. అమెరికాలోని ఒక పెద్ద అంగడిసంస్థకు సంబంధములేని వేలాది పుటలనుండి లంకెలు వచ్చియుండెను. తమకు తెలియకయే అవి వెలసినవని ఆ సంస్థ చెప్పుకొన్నది. గూగుల్ చర్య తీసికొనగా, ఒక సరకు విషయమున మొదటి స్థానమున నున్న ఆ సంస్థ రెండు గంటలలో 71వ స్థానమునకు జారినది. 2012 ఏప్రిల్ 24వ తేదీన పెంగ్విన్ అను గణనపద్ధతిని గూగుల్ ప్రవేశపెట్టినది. ఆంగ్లమున వేయబడు ప్రశ్నలలో సుమారు 3.1 శాతము ఫలితములపై దాని ప్రభావము కనబడినది. అపరాధము పరులదైనను శిక్ష తమకు తగులునేమో యని భయపడువారికై, అవాంఛిత లంకెలను తామే నిరాకరించు ఉపకరణమును గూగుల్ ఆ సంవత్సరము అక్టోబరులో నిచ్చినది. 2016 సెప్టెంబరునుండి పెంగ్విన్ పద్ధతి చెడ్డ లంకెలు గల వెబ్‌సైటును క్రుంగదీయుటకంటె ఆ లంకెల విలువనే సున్న చేయుటకు మొగ్గు చూపినది. కొన్న లంకె నేడు చాలవరకు చెల్లని నాణెము.

దారి మళ్లించు లంకెలు, మూలపుటను చూపు లంకెలు

వెబ్‌సైటు చిరునామా మారినపుడు పాత లంకెలు ఏమగును? శాశ్వతముగ మారినచో 301 అను సంకేతముతో దారి మళ్లింపవలెను. తాత్కాలికమైనచో 302 అను సంకేతముతో మళ్లింపవలెను. శాశ్వతపు మళ్లింపునకు యంత్రము క్రొత్త చిరునామానే అసలుదిగ గుర్తించి, పాతదానికి వచ్చిన లంకెల విలువను దానికి చేర్చును. తాత్కాలికమునకు సాధారణముగ పాత చిరునామానే నిలుపును. ఇట్టి మళ్లింపులచే పేజ్‌ర్యాంక్ నష్టము లేదని గూగుల్ ప్రతినిధి 2016లో స్పష్టపరచెను. మళ్లింపును కనీసము ఒక సంవత్సరమైనను నిలుపవలెనని ఆ సంస్థ సలహా. మళ్లింపు లేక పాత పుటను తొలగించినచో, సంవత్సరములుగ ఇతరులిచ్చిన సాక్ష్యమంతయు నీటిపాలగును.

ఒకే వ్యాసము రెండు మూడు చిరునామాలలో నున్నపుడు, 'ఇది మూలము' అని సూచించు కెనానికల్ అను లంకెను 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రవేశపెట్టినవి. ఇది చదువరికి కనబడదు. పుట శిరోభాగమున యంత్రముకొరకే వ్రాయబడును. పాఠాంతరములు గల కావ్యమునకు పరిష్కర్త ఒక మాతృకను నిర్ణయించుట వంటిది ఈ లంకె.

భాషలను కలుపు లంకెలు

రాష్ట్రేతరాంధ్రులకు మిక్కిలి ఉపకరించునది మరియొకటి కలదు. బెంగళూరు సంఘము తన పుటను తెలుగుననే గాక కన్నడమునను, చెన్నై సంఘము తమిళమునను, బరంపురము సంఘము ఒడియాలోను, సోలాపురము సంఘము మరాఠీలోను వ్రాసికొనుట సహజము. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండిన యానామును గూర్చిన పుటకు ఫ్రెంచి ప్రతియు ఉండవచ్చును. ఇవి ఒకే విషయమునకు వేరువేరు భాషల ప్రతులని యంత్రమునకు తెలుపు లంకెకు హెచ్‌రెఫ్‌లాంగ్ అని పేరు. గూగుల్ దీనిని 2011లో విస్తరించినది. తెలుగునకు టీఈ, కన్నడమునకు కేఎన్, తమిళమునకు టీఏ, ఒడియాకు ఓఆర్, మరాఠీకి ఎమ్‌ఆర్, ఫ్రెంచికి ఎఫ్‌ఆర్ అను రెండక్షరముల గుర్తులు నియతములు.

ఇందొక నియమము కలదు. తెలుగుపుట కన్నడపుటను చూపినచో, కన్నడపుటయు తెలుగుపుటను తిరిగి చూపవలెను. పరస్పరాంగీకారము లేని చుట్టరికమును యంత్రము ఒప్పుకొనదు. ఈ లంకె పుటను వరుసలో పైకెక్కింపదు; చదువరి భాషకు తగిన ప్రతిని అతని ముందుంచును. తాతగారి భాష తెలుగు, మనుమరాలికి చదువ వచ్చిన లిపి కన్నడమో తమిళమో యైన కుటుంబములకు ఇది చిన్న మేలు కాదు.

సంఘములు గమనింపదగినవి

పైన వివరించిన భేదముల నుండి కొన్ని కర్తవ్యములు తేలుచున్నవి. మొదటిది, సంఘములు ఒకదానికొకటి లంకెలిచ్చుకొనుట. సంబంధమున్నచోట, చదువరికి మేలగుచోట ఇచ్చు లంకె వర్తకము కాదు. సోలాపురపు తెలుగు నేతకారులను గూర్చి వ్రాయు పుట, బరంపురపు పట్టునేతను గూర్చిన పుటను చూపుట విద్యాధర్మమే. అయితే ప్రతి పుట అడుగునను నలుబది సంఘముల జాబితా తగిలించుట ఆ ధర్మము కాదు. లెక్కను బట్టి చూచినను దానివలన దక్కునది స్వల్పము.

రెండవది, సమాచారమును తెరచిన చోట నుంచుట. నేడు పెక్కు సంఘములలో పెద్దల జ్ఞాపకములు, వంశవృత్తాంతములు, పాతచిత్రములు వాట్సాప్ సమూహములందే తిరుగుచున్నవి. ఆ సందేశములు శోధనయంత్రమునకు గోచరింపవు. వానికి ఇతరులు లంకె యిచ్చుటకును వీలు లేదు. చేతి ఫోను మారిన నాడు అవి మాయము కావచ్చును. అందు విలువైనవానిని ఏరి, ఒక వెబ్‌పుటపై నుంచి, మంచి శీర్షిక పెట్టి, ముఖపుటనుండి లంకె యిచ్చుట ఒక సాయంకాలపు పని.

మూడవది, వెబ్‌సైటు పేరు చేజారకుండ చూచుకొనుట. వెబ్‌సైటు పేరునకు ఏటేట రుసుము చెల్లింపవలెను. కార్యవర్గము మారినపుడు ఆ సంగతి క్రొత్తవారికి చెప్పకపోయినచో గడువు దాటును. అట్లు వదలిన పేర్లను కొని, వానికి పూర్వము వచ్చిన లంకెల గౌరవమును జూదము మొదలగు వ్యాపారములకు వాడుకొనువారు కలరు. ఈ దుర్వినియోగమును గూగుల్ 2024 మార్చిలో నిషేధించినది. నిషేధమున్నను పోయిన పేరు తిరిగి రాదు. సంఘపు ఆస్తిపత్రములతోపాటు వెబ్‌సైటు పేరు, దాని గడువు తేదీ, రుసుము చెల్లించు విధము లెక్కలపుస్తకమున వ్రాసియుంచి, బాధ్యతలు అప్పగించునపుడు చదివి వినిపింపవలెను.

నాలుగవది, లంకెలను అప్పుడప్పుడు పరీక్షించుట. 2013లో నుండిన వెబ్‌పుటలలో 38 శాతము పదేండ్లకు అందుబాటులో లేకపోయినవని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించినది. తెగిన లంకెను సరిచేయుట, పుటల ప్రతులను 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రపరచుట ఎవరైనను చేయదగిన పనులు. వీనికి సొమ్ముకంటె శ్రద్ధయే ఎక్కువ అవసరము.

శోధనయంత్రపు లెక్కలు మారుచునే యుండును. నేటి గుర్తు రేపు మరియొకటి కావచ్చును. కాని లంకెకు మూలమైన ధర్మము పాతది: తాను చదివి, మేలని తోచినదానిని పేరుతో చెప్పి, ఇతరులకు దారి చూపుట. జగ్గన తన సంకలనమున ఒక్కొక్క పద్యమును ఎత్తి వ్రాసికొన్ననాడు, ఆ కావ్యములు నశించునని తలచియుండడు. తనకు నచ్చినదానిని పదిలపరచెనంతే. పరరాష్ట్రములందు నాలుగైదు తరములుగ తెలుగును నిలుపుకొన్న కుటుంబముల చరిత్రమునకు నేడు కావలసినది అట్టి పదిలపరచుటయే. వ్రాసినది ఒక పుట, దానికి దారి చూపిన లంకె యొకటి – ఈ రెండును కూడినపుడే వెదకువానికి అది దొరకును.